త్రాసు లేని వంటింట్లో గ్రాముల లెక్క

[తెర మీద: స్టీలు గ్లాసు, అన్నం వడ్డించే హస్తం (గరిటె), లీటరు నీళ్ల బాటిల్]

నమస్తే అండి. రోజుకు ఇన్ని గ్రాముల బియ్యం, ఇంత నూనె అని డాక్టరు రాసిస్తారు. చూస్తే వంటింట్లో త్రాసు ఉండదు. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ సోల, తవ్వ అని పాత్రల కొలతలే చెబుతారు. అది మంచి పద్ధతి. రోజూ ఒకే పాత్రతో కొలిస్తే లెక్క తప్పదు. ఆ పాత్రలో ఎన్ని గ్రాములు పడతాయో ఒక్కసారి తేల్చుకుంటే చాలు.

ముందు గ్లాసు. లీటరు బాటిల్ నిండా నీళ్లు తీసుకుని గ్లాసు అంచు దాకా పోస్తూ లెక్కపెట్టండి. సరిగ్గా ఐదు గ్లాసులైతే మీది 200 మిల్లీలీటర్ల గ్లాసు. దుకాణంలో స్టీలు గ్లాసులన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ పట్టే కొలత వేరు, అందుకే మీ గ్లాసునే కొలవండి.

[దగ్గర నుంచి: గ్లాసులో బియ్యం గుట్టగా ఉంది, చాకు వెనక వైపుతో అంచు వెంట తుడుస్తున్న చెయ్యి]

ఇలా తలకొట్టి కొలిస్తే ఈ గ్లాసుకు బియ్యం 160 నుంచి 170 గ్రాములు. గుట్టగా వదిలేస్తే ఎంత ఎక్కువ పడిందో మీకే తెలియదు. అదే గ్లాసుకు చోడి పిండి, అంటే రాగి పిండి, 120 గ్రాముల దరిదాపు. మురీలైతే, అంటే మరమరాలైతే, 12 నుంచి 15 గ్రాములే, మిగతాదంతా గాలి. పిండిని నొక్కకండి, గ్లాసును నేలకేసి తట్టకండి. రెండిటివల్లా పిండి దిగి ఇంకా ఎక్కువ పడుతుంది.

మీ బియ్యానికి కచ్చితమైన లెక్క కావాలా? బట్టల హ్యాంగర్‌ని మేకుకు తగిలించండి. రెండు కొసలకూ ఒకేలాంటి సంచులు కట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు హ్యాంగర్ సమంగా నిలవాలి, ఒరిగితే ముడిని కాస్త జరపండి. ఒక సంచిలో విప్పని అర కిలో పప్పు ప్యాకెట్ పెట్టండి, అదే మన పడికట్టు రాయి. రెండో దాంట్లో హ్యాంగర్ సమానమయ్యే దాకా బియ్యం పోయండి. ఆ అర కిలో ఎన్ని గ్లాసులైందో గోడ మీద క్యాలెండర్లో రాసి పెట్టుకోండి.

ఇక అన్నం. చాలామంది తప్పేది ఇక్కడే. డైట్ చీటీలో 100 గ్రాములు అంటే బియ్యమా, అన్నమా? వంద గ్రాముల బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు అవుతుంది, పెరిగిందంతా నీళ్లే. కాబట్టి ముందు డాక్టర్ని అడిగి తేల్చుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కిలో కేలరీల రోజుకు చెప్పిన 250 గ్రాముల ధాన్యాలు వండని బరువే. పొలం పని, బరువు పని చేసేవాళ్లకు ఇంకా ఎక్కువే కావాలి.

అర కిలో బియ్యం వండి, అన్నాన్ని హస్తంతో వేరే గిన్నెలోకి తీస్తూ లెక్కపెట్టండి. 20 హస్తాలు వచ్చాయనుకోండి, ఒక్కో హస్తం 25 గ్రాముల బియ్యం. పొద్దున 50 గ్రాముల చోడి పిండితో అంబలి తాగితే మధ్యాహ్నం నాలుగు, రాత్రి నాలుగు హస్తాలతో 250 సరిపోతుంది. హస్తం నిండా ఎంత తీస్తారన్నది మనిషిని బట్టి మారుతుంది. అందుకే రోజూ వడ్డించేవాళ్లే లెక్క కూడా పెట్టాలి.

పఖాళ అంటే నీళ్లు పోసిన అన్నం, దాల్మా అంటే కూరముక్కలు వేసి వండిన పప్పు. ఇవీ, అంబలీ గిన్నెలో ఎంతున్నాయో కంటికి అందవు. పఖాళలో అన్నం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, గిన్నె నిండుగా కనిపిస్తుంది. నీళ్లు పోయకముందే హస్తాలు లెక్కపెట్టండి. అంబలి ఒకరోజు పల్చగా, ఒకరోజు చిక్కగా కాస్తాం. గ్లాసు అదే, లోపలి పిండి మాత్రం వేరు. పిండిగా ఉన్నప్పుడే కొలవండి. దాల్మాలో కూరముక్కల మధ్య పప్పు ఎంతుందో తెలియదు, అందుకే నానబెట్టేముందే పప్పును గ్లాసుతో కొలిచి తినేవాళ్ల సంఖ్యతో భాగించండి.

చేపలకు అరచెయ్యి కొలత అంటారు. మాకు అది అంత నమ్మకంగా అనిపించదు, చేతులు ఒక్కలా ఉండవు. తల, పొట్ట తీసేశాక మళ్లీ తూకం వేయమని అమ్మేవాళ్లనే అడగండి, ముక్కలతో భాగించుకోండి.

నూనెకు చెంచా కంటే ప్యాకెట్ లెక్కే నిజం చెబుతుంది. అదే 2,000 కిలో కేలరీల లెక్కలో మనిషికి రోజుకు 27 గ్రాములు, అంటే ఆరు టీ చెంచాలు. లీటరు నూనె 910 గ్రాములు ఉంటుంది, కాబట్టి నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. వేపుడు నూనె, నెయ్యి అన్నీ అందులోనే.

ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకూడదు, తలకొట్టిన టీ చెంచా కంటే కాస్త తక్కువ. నలుగురికి కిలో ప్యాకెట్ కనీసం 50 రోజులు రావాలి. విప్పిన తేదీని ప్యాకెట్ మీదే పెన్నుతో రాయండి. ఎండు చేపలు, అప్పడాలు, కొన్న పచ్చళ్లలో ఉప్పు ఈ ప్యాకెట్లోది కాదు. అవి తినే ఇంట్లో ప్యాకెట్ 50 రోజులు దాటి ఇంకా రావాలి.