నల్లా రోజు, లాంగ్ రైడ్ రోజు

అందరికీ నమస్తే. మన సైక్లింగ్ మీటింగ్ శనివారం సాయంత్రం పెట్టారు కాబట్టి ఎవరి రైడూ పోలేదు, అందుకు ముందుగా నిర్వాహకులకి థాంక్స్.

నన్ను పిలిచినప్పుడు "వారానికి పన్నెండు గంటలు సైకిల్ తొక్కుతూ ఉద్యోగం, ఇల్లు ఎట్లా చూసుకుంటారు, ఆ టైమ్ మేనేజ్‌మెంట్ గురించి చెప్పండి అన్నా" అన్నారు. ఆ మాట దగ్గరే నాకు పేచీ. మొదటి మూడేళ్లు నేను మేనేజ్ చేసింది ఏమీ లేదు, నా గంటలు అయిపోతే ఇంట్లోవాళ్ల గంటలు తీసుకున్నాను, అదీ వాళ్లని అడగకుండా తీసుకున్నాను. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే.

మాది లంగర్‌హౌజ్, పాత ఇల్లు. ఇంట్లో అమ్మ, మా ఆవిడ, ఇంటర్ చదివే బిడ్డ. నేను ఆబిడ్స్ వైపు ఒక బ్యాంకులో పనిచేస్తాను, ఆమె స్కూల్ టీచర్. 2020 లాక్‌డౌన్‌లో సైకిల్ కొన్నాను. మా దగ్గర్నుంచి బాపూఘాట్, కాళీమందిర్ మీదుగా అప్పా జంక్షన్ పది కిలోమీటర్ల లోపే, అక్కడ్నించి మొయినాబాద్, చేవెళ్ల రోడ్డు, ఆ మర్రిచెట్ల కింద తెల్లారగట్ల తొక్కినోళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఎడమకి పోతే హిమాయత్ సాగర్, కుడికి పోతే గండిపేట. 2023 అక్టోబర్‌లో ఓఆర్ఆర్ పక్కన సోలార్ రూఫ్ కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కూడా వచ్చింది, ఒక ముక్క నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, ఇంకోటి నార్సింగి నుంచి కొల్లూరు దాకా. అంటే తొక్కడానికి రోడ్డు లేదు అనే సాకు నాకు ఎప్పుడూ లేదు. ఆర్నెల్లకి వంద కిలోమీటర్లు కొట్టాను, ఇంకో ఏడాదికి బ్రెవేల పిచ్చి పట్టింది.

కొత్తవాళ్ల కోసం జర చెప్తా. బ్రెవే అంటే రేసు కాదు, టైమ్ లిమిట్ లోపల పూర్తి చేయాలి అంతే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 400కి ఇరవై ఏడు, 600కి నలభై. ఈ నాలుగూ ఒకే సీజన్‌లో చేస్తే సూపర్ రాండొనార్ అంటారు. వినడానికి నాలుగు వీకెండ్లే. కానీ 600 చూడండి, శనివారం పొద్దున ఆరింటికి మొదలుపెడితే కటాఫ్ ఆదివారం రాత్రి పది. సోమవారం పొద్దున బ్రాంచ్‌లో కౌంటర్ ముందు కూర్చోవాలి. ఆ ఒక్క వీకెండ్ కోసం ముందు నాలుగైదు నెలలు వారానికి 250, 300 కిలోమీటర్లు పడాలి. ఇల్లు నలిగేది ఆ నెలల్లోనే, బ్రెవే రోజు కాదు.

లెక్క వేద్దాం. వారానికి 168 గంటలు. రోజుకి ఏడున్నర గంటలు పడుకుంటే 52 పోయాయి. ఆఫీసు, మెహిదీపట్నం ట్రాఫిక్, శనివారాలు కలిపి నాకు 58. స్నానం, తిండి లాంటివాటికి 18 అనుకోండి. మిగిలింది 40. అందులో సైకిల్‌కి పన్నెండు అంటాం. పన్నెండు కాదు అన్నా! ముందురోజు రాత్రి గాలి చూసుకోవడం, బాటిళ్లు నింపడం, లైట్లు ఛార్జింగ్ పెట్టడం, వచ్చాక సైకిల్ కడగడం, చెయిన్‌కి ఆయిల్, ఆ బట్టలు ఉతుక్కోవడం, దారిలో చాయ్ దగ్గర ముచ్చట్లు, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల నిద్ర. నేను ఒక నెల నిజాయితీగా రాసుకుంటే పన్నెండు గంటల రైడింగ్ పద్దెనిమిది గంటలయ్యింది. అంటే ఇంటికి మిగిలింది 22, రోజుకి మూడు గంటలు, అందులోనూ సాయంత్రం పూట కళ్లు మూతలు పడుతూ సోఫాలో కూర్చున్న మూడు గంటలు. మా ఆవిడ ఒకసారి అన్నది, "సైకిల్ మీద మీకు అయిదు గంటలే పోతాయి, దాని వెనక మాకు రోజంతా పోతుంది" అని. అప్పుడు నాకు కోపం వచ్చింది. లెక్క రాసుకున్నాక రాలేదు.

నల్లా సంగతి చెప్తాను. మాకు నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున అయిదింటికి వస్తాయి, గంటా గంటన్నర ఉంటాయి. ఎవరో ఒకరు లేచి వాల్వ్ తిప్పి, సంపు నిండుతుంటే చూసి, మోటర్ వేసి, పైన ట్యాంక్ నిండాక ఆపాలి. పదిహేనేళ్లు ఆ పని నాది. సైకిల్ వచ్చాక నేను నాలుగున్నరకే గేటు దాటేవాణ్ణి. మరి నీళ్లు ఎవరు పట్టారు? ఆ ప్రశ్న నాకు రెండేళ్లు తట్టలేదు, ఎందుకంటే నేను వచ్చేసరికి ట్యాంక్ నిండే ఉండేది. మోకాళ్ల నొప్పులతో మా అమ్మ లేచి వాల్వ్ తిప్పేది, మా ఆవిడ ఒకవైపు టిఫిన్ బాక్సులు కడుతూ ఇంకోవైపు మోటర్ కోసం మెట్లు ఎక్కి దిగేది. నేను మాత్రం జోన్ టూలో, అంటే గుండె తక్కువ వేగంతో కొట్టుకునే సులువు రైడింగ్‌లో, ఎంతసేపు ఉన్నానా అని చూసుకుంటున్నాను. చాలామంది "పొద్దున్నే తొక్కేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, అందరూ పడుకునే ఉంటారు" అంటారు, నేనూ అన్నాను. మన ఇళ్లల్లో పొద్దున అయిదు నుంచి ఎనిమిది అంటే ఖాళీ టైమ్ కాదు, రోజులో అన్నిటికంటే పని ఎక్కువ ఉండే టైమ్ అదే. మీ ఇంట్లో నల్లా కాకపోతే పాలు, లంచ్ బాక్సు, స్కూల్ బస్సు, ఇంకేదో ఉంటుంది.

బోనాల సంగతి చెప్పడం నాకు ఇప్పటికీ కష్టం. గోల్కొండ బోనాలు అంటే ఊరేగింపు మొదలయ్యేదే మా లంగర్‌హౌజ్ చౌరస్తా నుంచి, ఆషాఢంలో మా గల్లీ మొత్తం పండగే. ఒక ఏడాది మా ఇంటి బోనం ఆదివారం. 400కి ప్రాక్టీస్ అని ముగ్గురం శనివారం రాత్రంతా తొక్కాం, పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చాను, అప్పటికే చుట్టాలు దిగారు, స్నానం చేసి "ఒక్క గంట పడుకుంటా" అని పక్కమీద వాలాను. లేచేసరికి సాయంత్రం నాలుగు. ఇంట్లో ఎవరూ లేరు. డప్పుల చప్పుడు దూరంగా వినిపిస్తున్నది. మా ఆవిడ బోనం ఎత్తుకుని పోతే పక్కన నడవాల్సింది నేను, మా బావమరిది నడిచాడు. వంటింట్లో నా ప్లేటు మీద మూత పెట్టి ఉంది. వాళ్లు వచ్చాక లొల్లి ఏమీ కాలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. నా బిడ్డ మాత్రం "డాడీ పడుకున్నాడులే, లేపొద్దని అమ్మ చెప్పింది" అని చుట్టాలతో అన్నదట. అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడ్నించి ట్రైనింగ్ సంగతే మళ్లీ మొదట్నించీ ఆలోచించాను. ఇంటి టైమ్ ముట్టుకోవద్దని ముందు నిద్ర కోశాను, ఏడున్నర నుంచి అయిదున్నరకి. అది ఇంకా పెద్ద తప్పు. పొద్దున లేచినప్పుడు 52 ఉండే నా హార్ట్ రేట్ మూడు వారాల్లో 60కి పోయింది, నెలకోసారి జలుబు, కొండ ఎక్కుతుంటే కాళ్లు కదలవు, బ్రాంచ్‌లో కస్టమర్ల మీద విసుగు. తొక్కినప్పుడు ఒళ్లు అలుస్తుంది, బలం వచ్చేది పడుకున్నప్పుడే, ఆ నిద్రే లేకపోతే తొక్కిన కిలోమీటర్లన్నీ స్ట్రావాలోనే, అంటే రైడ్లు రికార్డు చేసే యాప్‌లోనే ఉంటాయి, కాళ్లలోకి రావు. రాత్రి పదకొండు దాటి పడుకుంటే తెల్లారి రైడ్ లేదు అని నేను రూల్ పెట్టుకున్నాను. అలారం కొట్టక ముందే ఆపేసి పడుకుంటాను, ఆ రోజు నాకు ఏ బాధా ఉండదు.

ఇంకొకటి, మనలో చాలామంది తొక్కే ప్రతి రైడూ సగం రేసు లాగా తొక్కుతారు. టైమ్ తక్కువ, పైగా గ్రూపులో ఒకడు ముందుకి పోతే ఆగలేం. స్టీఫెన్ సీలర్ అనే ఫిజియాలజిస్ట్ పెద్ద పెద్ద ఎండ్యూరెన్స్ అథ్లెట్ల ట్రైనింగ్ చూసి, సుమారు 80 శాతం సెషన్లు చాలా సులువుగా, మిగతావి గట్టిగా చేస్తారని చెప్పాడు. పక్కవాడితో ఆయాసం లేకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది సులువు. నేను ఇది పాటించాక తేడా ఎక్కడ తెలిసింది అంటే రోడ్డు మీద కాదు, ఇంట్లో. సులువు రైడ్ చేసి వచ్చిన రోజు కూరగాయలకి పోయే ఓపిక ఉంటుంది, గట్టిగా తొక్కి తొక్కి వచ్చిన రోజు ఉండదు.

తిండి కూడా అంతే. నేను ఒకప్పుడు ఖాళీ కడుపుతో ఎనభై కిలోమీటర్లు పోయి, బరువు తగ్గుతుంది కదా అని గర్వపడేవాణ్ణి. ఇంటికొచ్చి కనబడిందల్లా తినేవాణ్ణి, మాట్లాడిస్తే కసురుకునేవాణ్ణి, తర్వాత నిద్ర. ఆ చిరాకు నా స్వభావం అనుకున్నారు ఇంట్లో, నేనూ అనుకున్నాను, సగం అది ఆకలి. ఇప్పుడు గంటన్నర దాటే రైడ్ అయితే గంటకి 50, 60 గ్రాముల కార్బ్స్ లోపలికి పోవాల్సిందే. ఒక మామూలు అరటిపండులో పాతిక గ్రాములు ఉంటాయి, రెండు పండ్లు, నాలుగు ఖర్జూరాలు, లేదంటే ఇంట్లో చేసిన బెల్లం పల్లిపట్టి. ఖరీదైన ఎనర్జీ జెల్స్ కొనమని నేను ఎవరికీ చెప్పను. ఏప్రిల్, మే ఎండల్లో బాటిల్‌లో ఓఆర్ఎస్, ఎనిమిదికల్లా ఇంట్లో ఉండాలి, వచ్చాక పెద్ద గ్లాసు మజ్జిగ. దారిలో కడుపు నింపుకుని వస్తే ఇంటికి వచ్చేది మనిషి, లేకపోతే వచ్చేది ఆకలి. కొత్తగా వచ్చే తమ్ముళ్లకి నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే, ఎంత బలంతో తొక్కుతున్నామో చూపించే పవర్ మీటర్ గురించి కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎట్లా నడుస్తుందంటే, శుక్రవారం రాత్రి అన్నాలయ్యాక వంటింట్లో వేలాడే క్యాలెండర్ ముందు పది నిమిషాలు నిలబడతాం. వచ్చే వారం నల్లా ఏ రోజులు, ఆమెకి ఎగ్జామ్ డ్యూటీ ఎప్పుడు, బిడ్డకి టెస్ట్ ఎప్పుడు, అమ్మ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఎప్పుడు, ఇవన్నీ రాశాక మిగిలిన గళ్లలో నా రైడ్లు రాస్తాను. ముందు రైడ్లు రాసి మిగతాది సర్దడం వేరు, ఇది వేరు, చేసి చూస్తే తెలుస్తుంది. నల్లా రోజు బయటికి పోను. సంపు పక్కనే వాకిట్లో ట్రైనర్, అంటే సైకిల్‌ని ఉన్నచోటే తొక్కే స్టాండ్, పెట్టుకున్నాను, అయిదింటికి వాల్వ్ తిప్పి గంటసేపు అక్కడే తొక్కుతాను, మధ్యలో రెండుసార్లు దిగి మోటర్ చూస్తాను. ఇంటర్వెల్స్, అంటే కాసేపు గట్టిగా కాసేపు మెల్లగా తొక్కే వరుస, పాడవుతాయి కదా అంటారు, అవుతాయి, అయినా పర్లేదు. అమ్మ అక్కడే అరుగు మీద చాయ్ పట్టుకుని కూర్చుంటుంది, ఆ గంటలో మేం మాట్లాడుకున్నంత గత అయిదేళ్లలో మాట్లాడుకోలేదు.

వారానికి రెండు రోజులు ఆఫీసుకి సైకిల్ మీదే పోతాను, పది పదకొండు కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో కారుకి పట్టే టైమే దీనికీ పడుతుంది, కాబట్టి ఆ గంటలు ఎవరి దగ్గరా తీసుకున్నవి కావు. బ్రాంచ్‌లో షర్టు, తువ్వాల పెట్టుకున్నాను. లాంగ్ రైడ్ నెలకి రెండే. మిగతా రెండు ఆదివారాలు మా ఆవిడవి, ఆమె పొద్దున వీణ క్లాసుకి పోతుంది, ఇరవై ఏళ్ల కింద ఆపేసింది మళ్లీ మొదలుపెట్టింది, ఆ రోజు వంట, ఇల్లు, అమ్మ మందులు నావి. ఇది నేను ఆమెకి చేసే సాయం అని ఎవరైనా అంటే ఒప్పుకోను, నేను తీసుకున్న గంటలు తిరిగి ఇస్తున్నాను, అంతే. చీకట్లో పోయే రోజు లైవ్ లొకేషన్ బిడ్డ ఫోన్‌కి పెడతాను, రిఫ్లెక్టివ్ జాకెట్ బ్రెవేలకే కాదు, రోజూ వేసుకుంటాను, దానివల్ల అమ్మకి నిద్ర పడుతుంది.

దీనికి నేను పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. వారం సగటు పన్నెండు నుంచి తొమ్మిదికి వచ్చింది. 600 చేసి రెండు సీజన్లు అయింది. పారిస్-బ్రెస్ట్-పారిస్ నాలుగేళ్లకోసారి వస్తుంది, 1200 కిలోమీటర్లు, తొంభై గంటలు, వచ్చేది 2027లో. నాకు పోవాలని ఉంది, చాలా ఉంది, దాచను. క్యాలెండర్ ముందు ఆ మాట తీసుకొచ్చాను, అమ్మ ఆరోగ్యం, ఆ ఏడాది బిడ్డ చదువు ఎక్కడో, డబ్బులు, అన్నీ మాట్లాడుకున్నాం, ఇంకా తేలలేదు. తేలకుండా రిజిస్ట్రేషన్ మాత్రం చేయను.

రేపు మాకు నల్లా లేదు. అయిదున్నరకి అప్పా జంక్షన్‌లో ఉంటాను, చేవెళ్ల దాకా పోయి వెనక్కి, సులువుగానే, మాట్లాడుకుంటూ. ఎనిమిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలి, తొమ్మిదింటికి బిడ్డని కోచింగ్ దగ్గర దింపాలి. వచ్చేవాళ్లు లైట్లు పెట్టుకుని, రెండు అరటిపండ్లు తెచ్చుకుని రండి.