నల్లబడిన 925 వెండి, అమ్మ విభూతి, నా అల్యూమినియం ఫాయిల్ | కడప వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? డాలస్ నుంచి కడప వచ్చాం, జెట్ లాగ్ కూడా తీరింది. రేపు శ్రావణ శుక్రవారం, దేవుని కడప గుడికి పోవాలి. అందుకని అమ్మ పొద్దున్నే బీరువా తెరిచి ఇంట్లో ఉన్న వెండంతా మంచం మీద పోసింది. నల్లబడిన వెండిని విభూతితో రుద్దడం అమ్మ పద్ధతి, నాది వేరు.

కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. ఇది నా గొలుసు, అమెరికాలో కొన్నది. కొక్కెం పక్కన 925 అని చిన్న అచ్చు కనిపిస్తోందా? నూటికి 92.5 పాళ్లు వెండి, మిగతాది మామూలుగా రాగి. స్టెర్లింగ్ సిల్వర్ అంటే ఇదే. అచ్చ వెండి మరీ మెత్తన కాబట్టి గట్టిదనానికి రాగి కలుపుతారు. ఆ రాగి ఉన్నందుకే ఇది త్వరగా నల్లబడుతుంది కూడా. మన అంగళ్లలో దొరికే పట్టీలన్నీ 925 కావు. స్వచ్ఛతకు ప్రభుత్వం తరఫున వేసే బీఐఎస్ హాల్‌మార్క్‌లోనే 800, 835 లాంటి తక్కువ రకాలు ఉన్నాయి, కొనేటప్పుడు అచ్చు చూసి అడగండి.

ఒంట్లో వేడి ఎక్కువైతే వెండి నల్లబడుతుందని మా పిన్నమ్మ అంటుంది. కడప ఎండలో ఒంట్లో వేడి లేనిది ఎవరికి చెప్పండి! అసలు కారణం గంధకం. గాలిలో కొద్దిగా ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లటి పొర కడుతుంది. కోడిగుడ్డు, ఉల్లిగడ్డ, ఉన్ని బట్టలు, రబ్బరు, వీటన్నిట్లో గంధకం ఉంటుంది. మా పాప పట్టీలు చూడండి. అంగట్లో ఇచ్చిన గులాబీ రంగు కాగితంలోనే ఉన్నాయి, కానీ అమ్మ పైన రబ్బరు బ్యాండు వేసింది. ఆ బ్యాండు ఆనుకున్న చోట గీత గీసినట్టు నల్లగా ఉంది.

అంటే ఆ నలుపు మురికి కాదు, అందులో మన వెండే ఉంది. రుద్ది తీస్తే ఆ మేరకు వెండి కూడా పోతుంది. టూత్‌పేస్ట్ అయితే గీతలు కూడా పడతాయి, యూట్యూబ్‌లో ఎంతమంది చెప్పినా నేను మాత్రం వాడను.

నేను చేసేది ఇది. గాజు గిన్నె అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టాలి. తగలకపోతే పని జరగదు, ముఖ్యమైన సంగతి అదే. పైన కప్పు నీళ్లకు చెంచా లెక్కన వంటసోడా వేసి, మరిగిన నీళ్లు పోయాలి. గంధకాన్ని వెండి వదిలేస్తుంది, అల్యూమినియం పట్టుకుంటుంది, వెండి మళ్లీ వెండిగా నిలుస్తుంది. ఇప్పుడే కుళ్లిన గుడ్డు వాసన వస్తోంది, భయపడొద్దు, కిటికీ తెరవండి చాలు. అమ్మ ముక్కు మూసుకుని, "రుద్దకుండా నీళ్లల్లో వేస్తే ఎట్ల తెల్లగైతాది మే?" అంది. నాలుగైదు నిమిషాల్లో గొలుసు బయటికి తీసి కడిగి తుడిచి ఇస్తే, తిప్పి తిప్పి చూసి, తన కుంకుమ భరిణె కూడా తెచ్చింది.

కానీ అన్నిటినీ ఇలా ముంచకండి. ఈ ఆక్సిడైజ్డ్, అంటే కావాలనే నల్లబరిచిన జుంకాలు ఉన్నాయి కదా, పువ్వుల సందుల్లో ఉన్న నలుపే వీటి అందం. ముంచితే అది కాస్తా పోయి బోసిగా అవుతాయి. ముత్యాలు, పగడాలు, లక్కతో కూర్చిన రాళ్లు ఉన్నవాటికీ వేడి నీళ్లు వద్దు. వాటిని తడి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టడమే. విభూతి సంగతి అడుగుతారేమో. నున్నటి పూజ గిన్నెలకు పర్లేదు గానీ, సన్న గొలుసులో వేస్తే లింకుల మధ్య ఇరుక్కుంటుంది.

అంగట్లో మెరుగు పెట్టించేవాళ్లకు ఒక మాట. ఇచ్చే ముందు తూకం వేయించండి, తీసుకునేటప్పుడు మళ్లీ వేయించండి. మా అక్క పట్టీలు ఒకచోట ఇస్తే తళతళలాడుతూనే వచ్చాయి, కాకపోతే తూకం తగ్గింది. యాసిడ్‌లో ముంచితే పై పొర కరిగిపోతుంది మరి. అడిగితే "మెరుగంటే అంతేనమ్మా" అన్నారట.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోండి. పిల్లలు వెండి బ్రేస్‌లెట్‌తో స్విమ్మింగ్ పూల్‌లో దిగుతారు. క్లోరిన్ నీళ్లకు వెండి రంగు మాస్తుంది, తీసి పెట్టమనండి. సెంటు కొట్టుకున్నాకే నగ పెట్టుకోవాలి, ముందు కాదు.

దాచేటప్పుడు ఒక్కో నగనూ పొడిగా తుడిచి, గాలి బయటికి పిండేసి విడివిడిగా జిప్‌లాక్ కవర్లో పెడుతున్నాను, బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి తోడు వేసి. వెండి నల్లబడకుండా గంధకాన్ని పీల్చే యాంటీ టార్నిష్ స్ట్రిప్‌లూ దొరుకుతాయి, అవి ఇంకా మేలు. అమ్మకు ప్లాస్టిక్ కవరు నచ్చలేదు, గులాబీ కాగితమే కావాలంటుంది. సరేనని కాగితం చుట్టి కవర్లో పెట్టాం. రబ్బరు బ్యాండ్లు మాత్రం ఏరి నాయన టేబుల్ మీద పడేశాను, కరెంటు బిల్లులకు పనికొస్తాయి.