ఒక్క కిక్కుతో తమ్ముడు ఎలా గెలుస్తున్నాడు? ఫైటింగ్ గేమ్ అసలు ఆట

తెర మీద: గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటి హాలు. సంక్రాంతి సెలవులు. టీవీలో టెక్కెన్ 8 నడుస్తోంది. చాప మీద ఇద్దరు అన్నదమ్ములు, చేతుల్లో కంట్రోలర్లు.

అన్న: రేయ్, పొద్దుటి నుంచీ ఆ ఒక్క కిక్కే కొడుతున్నావేంట్రా!

తమ్ముడు: తగులుతోందిగా అన్నయ్యా. ఇంకోటి ఎందుకు కొట్టాలి?

వాయిస్: అందరికీ నమస్తే. ఈ తమ్ముడి ప్రశ్నకు అన్నయ్య దగ్గర జవాబు లేదు. ఆయన యూట్యూబ్ చూసి పది దెబ్బల కాంబో, అంటే ఒకదాని వెంట ఒకటి ఆగకుండా తగిలే దెబ్బల వరస, నేర్చుకున్నాడు. తమ్ముడికి నేల బారున కాలు తిప్పే కిక్కు తప్ప ఇంకేమీ రాదు. అయినా వరసగా గెలుస్తున్నది తమ్ముడే. ఎందుకంటే అన్నయ్య ఆ కిక్కును ఒక్కసారి కూడా కింద కూర్చుని ఆపలేదు. తగులుతున్న దెబ్బను మార్చాల్సిన పని తమ్ముడికి లేదు. మార్చేలా చేయాల్సింది అన్నయ్యే.

ఫైటింగ్ గేమ్ అంటే వేళ్ల వేగం అని చాలామంది అనుకుంటారు. వేళ్లు కావాలి, కాదనను. కానీ ఈ ఆటలోని కష్టమంతా, రుచంతా ఎదుటి మనిషి అలవాటును పట్టుకోవడంలో ఉందని నా నమ్మకం. అదెలాగో ఈ హాల్లోనే చూద్దాం.

తెర మీద: కంట్రోలర్ దగ్గరి షాట్. నాలుగు బటన్లు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.

వాయిస్: ముందు చేతిలో ఉన్నదేంటో చూడండి. ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో చతురస్రం ఎడమ చెయ్యి, త్రిభుజం కుడి చెయ్యి, ఇంటూ గుర్తు ఎడమ కాలు, సున్నా కుడి కాలు. టెక్కెన్‌లో నాలుగు బటన్లు నాలుగు అవయవాలు. అందుకే ఎప్పుడూ ఆడని పిల్లవాడు కూడా రెండు నిమిషాల్లో ఏదో ఒకటి కొట్టగలడు. టెక్కెన్ 3 నాటి నుంచీ జనాన్ని లోపలికి లాగుతున్నది ఇదే. 1997లో ఆర్కేడ్‌లలో, 1998లో ప్లేస్టేషన్‌లో వచ్చిన ఆ గేమ్‌తోనే ఎడ్డీ గోర్డో పరిచయమయ్యాడు. బ్రెజిల్‌లో నాట్యంలా సాగే యుద్ధవిద్య కపోయెరా ఆడే ఈ ఎడ్డీ పాత్రను తీసుకుని కిక్ బటన్లు ఎడాపెడా నొక్కేస్తే చాలు, పక్కన కూర్చున్నవాడికి ఊపిరాడేది కాదు. వీడియో గేమ్ షాపుల్లో గంటకింత అని కట్టి ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు రిమోట్ ఇచ్చి లేస్తాడు. ఎడ్డీని తీసుకున్నవాడి మీద అందరికీ కోపమే.

ఆ కోపం ఎడ్డీ మీద పెట్టుకుని లాభం లేదు. ఆ దెబ్బలకు జవాబులు ఆటలోనే ఉన్నాయి. వాటిని వెతకాలి.

తెర మీద: రౌండు మధ్యలో బొమ్మ ఆగుతుంది. దెబ్బ వచ్చే ఎత్తును బట్టి మూడు గీతలు, హై, మిడ్, లో.

వాయిస్: టెక్కెన్‌లో దెబ్బలు ప్రధానంగా మూడు ఎత్తుల్లో వస్తాయి. నిలబడి కాచుకుంటే హై, మిడ్ ఆగుతాయి, లో తగులుతుంది. కూర్చుని కాచుకుంటే లో ఆగుతుంది, హై తల మీదుగా పోతుంది, మిడ్ మాత్రం తగులుతుంది. అంటే అన్నిటినీ ఆపే భంగిమ లేదు. ఏ క్షణంలోనైనా మీరు ఒకదానికి తలుపు తెరిచే ఉంచుతారు.

చూసి ఆపొచ్చు కదా అంటారా? ఇక్కడ లెక్క చూడండి. ఈ ఆట సెకనుకు 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడుస్తుంది. దాదాపు అన్ని పాత్రలకూ ఉండే మామూలు జాబ్, అంటే చేత్తో వేగంగా వేసే చిన్న గుద్దు, 10 ఫ్రేముల్లో తగులుతుంది, అంటే సెకనులో ఆరో వంతు. కళ్లు చూసి, బుర్రకు ఎక్కి, వేలు కదలడానికి మనిషికి సుమారు 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది. జాబ్‌ను చూసి ఆపడం ఎవరి వల్లా కాదు, ప్రపంచ ఛాంపియన్ వల్ల కూడా. పాతిక ఫ్రేముల దాకా పట్టే నిదానమైన దెబ్బలను సాధన మీద చూసి ఆపొచ్చు. మిగతావన్నీ ఊహించాల్సిందే. వాడు ఇప్పుడేం చేస్తాడు? ఈ ప్రశ్న రౌండు పొడవునా బుర్రలో తిరుగుతూనే ఉంటుంది. టెన్షన్ అక్కడి నుంచే వస్తుంది.

తెర మీద: మళ్లీ హాలు. తమ్ముడు కిక్కు వేస్తాడు. ఈసారి అన్నయ్య కూర్చుని ఆపుతాడు. తమ్ముడి పాత్ర తూలుతుంది.

వాయిస్: ఇదిగో, ఇక్కడ ఆపి చూద్దాం. కాలు తిప్పే పెద్ద లో దెబ్బల్లో చాలావాటిని ఆపితే, కొట్టినవాడు కాసేపు ఏమీ చేయలేడు. ఆ కాసేపూ ఎంతన్నది ఫ్రేముల్లోనే కొలుస్తారు. ఒక దెబ్బ ఆగినప్పుడు కొట్టినవాడు 13 ఫ్రేములు వెనకబడ్డాడనుకోండి. మీ జాబ్‌కు 10 ఫ్రేములు చాలు. వాడు కాచుకునేలోపే అది తగిలి తీరుతుంది. దీన్నే పనిష్ చేయడం అంటారు. తమ్ముడి కిక్కు ఇంకా ఎక్కువ వెనకబడే రకం. కాబట్టి అన్నయ్య గాల్లోకి లేపే దెబ్బే కొట్టొచ్చు. ఇన్నాళ్లూ దాచుకున్న ఆ పది దెబ్బల కాంబోకు ఇప్పుడు పని పడింది.

తెర మీద: కాంబో మొత్తం తగులుతుంది. తమ్ముడి లైఫ్ బార్ (మిగిలిన ప్రాణాన్ని చూపే గీత) చాలా భాగం ఖాళీ.

తమ్ముడు: అమ్మో!

వాయిస్: ఇప్పుడు తమ్ముడి వేళ్లను చూడండి, స్క్రీన్‌ను కాదు. కిక్కు బటన్ మీదికి వెళ్లిన బొటనవేలు ఆగింది. ఒక్క దెబ్బ పడ్డాక అతనికి అనుమానం పుట్టింది. ఇక అన్నయ్య కూర్చుంటాడేమో అని మిడ్ వేస్తాడు. మిడ్ వస్తుందని గ్రహించి అన్నయ్య నిలబడతాడు. అన్నయ్య నిలబడ్డాడని మళ్లీ లో. బటన్లు నొక్కడం పోయి ఇద్దరి మధ్య ఆట మొదలైంది. పది నిమిషాల క్రితం వరకూ ఆడింది ఒక్కడే.

కాంబోల గురించి ఒక మాట. 1991లో క్యాప్‌కామ్ కంపెనీ స్ట్రీట్ ఫైటర్ 2 అనే ఫైటింగ్ గేమ్ తెచ్చినప్పుడు కాంబో అన్నది అనుకుని పెట్టింది కాదు. ఒక దెబ్బ పూర్తికాక ముందే ఇంకో దెబ్బలోకి మారే వీలు పొరపాటున మిగిలిపోయింది. అది తయారీదారుల కంట పడింది. ఎలాగూ కష్టమే కదా అని వదిలేశారు. ఆడేవాళ్లు దాన్నే ఈ ఆటలకు ప్రాణంగా మార్చుకున్నారు.

తెర మీద: ప్రాక్టీస్ మోడ్. కజుయా. పక్కన ఇన్‌పుట్‌ల వరస.

వాయిస్: ఇక వేళ్ల సంగతి. కష్టం ఎలా ఉంటుందో ఒకే ఒక్క దెబ్బతో చూపిస్తాను. టెక్కెన్ పాత్ర కజుయా కొట్టే ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్ అనే గుద్దు. ముందుకు నొక్కాలి, వదలాలి, కిందికి నొక్కాలి, ఆ తర్వాత కింది మూలకు జరుపుతూ సరిగ్గా అదే ఫ్రేములో కుడి చెయ్యి బటన్ నొక్కాలి. ఒక్క ఫ్రేము ఆలస్యమైతే పిడికిలి లేస్తుంది గానీ మెరుపు రాదు. తేడా మెరుపులోనే లేదు. మెరుపు లేని దెబ్బను ఎదుటివాడు ఆపితే మీకు జాబ్ పడుతుంది. మెరుపుతో వచ్చిన దెబ్బను ఆపినా సరే, తర్వాతి అడుగు మీదే. ఒకే పిడికిలి, సెకనులో అరవయ్యో వంతు తేడాతో ఒకటి ఆయుధం, ఇంకోటి ప్రమాదం.

ఇది ఎవరికీ ఒక సాయంత్రంలో రాదు. కుడివైపు నుంచి వస్తే ఎడమవైపు నుంచి రాదు. ప్రాక్టీస్‌లో వచ్చింది పోటీలో చెయ్యి చెమట పడితే రాదు. అయినా జనం గంటలు గంటలు ఎందుకు కొడతారంటే, వచ్చినప్పుడు ఆ శబ్దం, ఆ మెరుపు, అది వేలికి తెలిసిన తీరు వేరు. పాత్ర బలపడలేదు, అనుభవ పాయింట్లు కలవలేదు, డబ్బు పెట్టి కొన్నదీ కాదు. ఆడేవాడి చేతికి అబ్బిన విద్య అది. చాలా గేముల్లో పాత్ర ఎదుగుతుంది, ఫైటింగ్ గేములో ఆడేవాడు ఎదుగుతాడు. నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది ఇదే.

తెర మీద: ఇద్దరు ఫైటర్లు ఎడంగా ముందుకూ వెనక్కూ జరుగుతారు. ఎవరూ కొట్టరు.

వాయిస్: కొత్తవాళ్లకు ఇక్కడ విసుగు పుడుతుంది, ఏంటి వీళ్లు కొట్టుకోరా అని. అసలు పోరాటం ఇదే. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు గీత దగ్గర అడుగు లోపలికి వేసి, ఎదుటివాడు మీదికి రాగానే వెనక్కి లాగుతాడు చూడండి, అలాంటిదే. ఒక్క అడుగు లోపలికి వేస్తే ఎదుటివాడు ఆశపడి దెబ్బ వేస్తాడు. మీరు బ్యాక్‌డాష్‌తో, అంటే చటుక్కున వెనక్కి జరిగి, తప్పుకుంటారు. వాడి చెయ్యి గాల్లో ఉండగానే మీ దెబ్బ తగులుతుంది. దూరం తెలిసినవాడికి పది దెబ్బలు వచ్చినా చాలు. టెక్కెన్ 8 విడుదలైనప్పుడు 32 పాత్రలు ఉన్నాయి, ఒక్కో పాత్రకు వందకు పైగా దెబ్బలు. అవన్నీ బట్టీ పట్టాక దిగుదాం అనుకుంటే ఎప్పటికీ దిగలేరు.

తెర మీద: 2004 అని పెద్ద అంకె.

వాయిస్: ఇప్పుడు 2004లో ఎవో, ఫైటింగ్ గేముల పెద్ద టోర్నమెంట్. ఆట స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్. జపాన్ ఆటగాడు డైగో ఉమెహారా చేతిలో కెన్ అనే పాత్ర, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ చేతిలో చున్-లీ అనే పాత్ర. డైగో లైఫ్ బార్‌లో కంటికి ఆనీ ఆనని గీత మిగిలింది. చున్-లీ తన పెద్ద దెబ్బ, సూపర్ ఆర్ట్ వేసింది, 15 కిక్కులు. మామూలుగా కాచుకుంటే, కాచుకున్నందుకు పోయే ఆ కాస్త లైఫ్‌తోనే డైగో ఓడిపోతాడు. మిగిలింది ప్యారీ. ఒక్కో కిక్కు వచ్చే క్షణంలో ఎదురు వెళ్తూ ముందుకు తట్టాలి. 15 కిక్కులనూ తట్టేశాడు, వెంటనే తిరిగి కొట్టి ఆ రౌండు గెలిచాడు. హాలంతా లేచి అరిచిన ఆ వీడియోను ఈరోజుకీ చూస్తున్నారు.

చూసేవాళ్లు ఆ వేళ్లకు దండం పెడతారు. పెట్టాల్సిందే. కానీ మొదటి కిక్కును తట్టాలంటే సూపర్ వస్తుందని ముందే పసిగట్టాలి, చూశాక నొక్కితే అందదు. ఎదుటివాడు ఆ సమయంలో ఆ సూపర్‌తోనే ముగించాలనుకుంటాడని డైగో అంచనా వేశాడు. ఆ రౌండు గెలిచింది ఆ అంచనా మీద.

వేళ్ల వేగమే అంతా అయితే పాతికేళ్లు దాటినవాడు ఇంటికి వెళ్లిపోవాలి. 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కు పతకం ఉంది. స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు అప్పటికి 44.

ఇంకొకరి గురించి చెప్పాలి. లాహోర్‌కు చెందిన అర్స్‌లాన్ యాష్. 2019లో ఎవో జపాన్, అదే ఏడాది అమెరికాలో ఎవో, రెండూ టెక్కెన్ 7లో గెలిచాడు. అప్పటిదాకా టెక్కెన్ అంటే కొరియా, జపాన్. పాకిస్తాన్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అక్కడివాళ్లు ఒకే చోట చేరి, పక్కపక్కన కూర్చుని ఆడుతూ ఒకరి లోపాన్ని ఒకరు రుద్ది సరిచేసుకుంటూ ఎదిగారు. గుంటూరులోనూ విజయవాడలోనూ ఆడేవాళ్లు ఇది గమనించాలని నా కోరిక. పెద్ద స్టేడియం అక్కర్లేదు. ఒకే ఇంట్లో వారానికోసారి కలిసే నలుగురు చాలు, ఆ నలుగురూ ఒకరి ఓటమి గురించి ఒకరు మాట్లాడుకుంటే.

ఎందుకంటే ఓటమే ఇక్కడ అసలు గోడ. నలుగురితో కలిసి ఆడే మొబైల్ గేములో ఓడితే టీమ్ బాగాలేదనొచ్చు. ఇక్కడ తోడు ఎవరూ లేరు. మీరు, వాడు, రెండు లైఫ్ బార్లు. ఆన్‌లైన్‌లో మొదటి వారం వరసగా ఓడతారు, ముఖం మాడిపోతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. మానేసేవాళ్లను నేను తప్పు పట్టను. కానీ ఆ ఓటములన్నీ చూస్తే సాధారణంగా రెండు మూడు దెబ్బల దగ్గరే తిరుగుతుంటాయి.

తెర మీద: రీప్లే. ఆట ఆగి, సరైన పనిష్ ఏదో స్క్రీన్ మీద కనిపిస్తుంది.

వాయిస్: టెక్కెన్ 8 రీప్లేలో దీనికి మంచి ఏర్పాటు ఉంది. మీరు ఓడిన రౌండును నడిపిస్తే ఎక్కడ పనిష్ వదిలేశారో చూపిస్తుంది. అక్కడే ఆపి, కంట్రోల్ మీ చేతిలోకి తీసుకుని మళ్లీ ప్రయత్నించొచ్చు. సూపర్ ఘోస్ట్ బ్యాటిల్ అని ఇంకోటి ఉంది. మీ ఆటతీరును నేర్చుకున్న ఘోస్ట్‌తో మీరే తలపడొచ్చు. లేవగానే ప్రతిసారీ కిక్కు వేసే అలవాటు మీకుంటే అదీ వేస్తుంది. ఎదుటివాడికి మీరు ఎంత సులువుగా దొరుకుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టండి. బొమ్మను అందంగా చూపించడానికి టీవీ చేసే పని వల్ల ఆలస్యం పెరుగుతుంది, ఫ్రేములు లెక్కపెట్టే ఆటలో అది దెబ్బ. ఆన్‌లైన్ ఆడితే వైఫై కాకుండా రూటర్ నుంచి ల్యాన్ కేబుల్ లాగండి. టెక్కెన్ 8, స్ట్రీట్ ఫైటర్ 6 రెండింటిలోనూ రోల్‌బ్యాక్ పద్ధతి ఉంది. ఎదుటివాడు ఏం నొక్కుతాడో గేమ్ ముందే ఊహించి నడిపిస్తుంది, ఊహ తప్పితే వెనక్కి వెళ్లి సరిదిద్దుతుంది. సిగ్నల్ ఎగుడుదిగుడైతే ఆ దిద్దుబాట్లు కంటికి తెలుస్తాయి, ఫైటర్ ఉన్నట్టుండి ఇంకో చోట తేలుతాడు.

పాత్రను ఒక్కదాన్నే ఎంచుకోండి, నచ్చినదాన్ని, బలమైనదని ఎవరో చెప్పినదాన్ని కాదు. జాబ్, ఒక మిడ్, ఒక లో, గాల్లోకి లేపే దెబ్బ ఒకటి, దాని తర్వాత చిన్న కాంబో. మొదటి నెలకు ఇవి చాలు. స్ట్రీట్ ఫైటర్ 6లో మోడ్రన్ కంట్రోల్స్ పెట్టుకుంటే ప్రత్యేక దెబ్బలు ఒక్క బటన్‌తో వస్తాయి. అలా కొట్టినవాటికి బలం కొంచెం తక్కువ, అయినా నేర్చుకునేవాళ్లు సంకోచించక్కర్లేదు. ఎదుటివాడిని గమనించడానికి బుర్ర ఖాళీగా ఉంటుంది.

తెర మీద: హాలు. తమ్ముడు కొత్తగా మిడ్ కొడతాడు. కూర్చున్న అన్నయ్యకు తగులుతుంది.

అన్న: ఓహో, నేర్చేశావ్!

తమ్ముడు: నువ్వు కూర్చుంటావని తెలుసుగా అన్నయ్యా.

వాయిస్: మీరు ఆడే పాత్ర ఏది, మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న దెబ్బ ఏది? కింద కామెంట్‌లో రాయండి. ఎక్కువమంది అడిగిన దెబ్బను ప్రాక్టీస్ మోడ్‌లో రికార్డు చేసి, అది ఆగాక ఎన్ని ఫ్రేములు దొరుకుతాయో, దేనితో పనిష్ చేయాలో వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను.