లెక్కల్లో పీహెచ్‌డీ: ప్యూరా, అప్లైడా అని అడిగే ముందు

(విశాఖపట్నంలో ఎంఎస్సీ గణితం విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. మీ ఇళ్లల్లో ఇప్పుడు ఏ చర్చ నడుస్తుంటుందో ఊహించడం కష్టం కాదు. బీఈడీ చేసి డీఎస్సీ రాస్తావా, బ్యాంకు పరీక్షలకు కూర్చుంటావా, హైదరాబాద్ వెళ్లి ఏదైనా కోర్సు నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి దూరతావా? ఈ మూడూ కాదని పీహెచ్‌డీ అన్నవాళ్ల కోసమే ఈ సాయంత్రం.

పీహెచ్‌డీ అనుకున్న ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "సార్, ప్యూర్ తీసుకోవాలా, అప్లైడ్ తీసుకోవాలా?" ప్యూర్ అంటే లెక్కల కోసమే లెక్కలు, అప్లైడ్ అంటే బయటి సమస్యల కోసం లెక్కలు. ప్యూర్ తీసుకుంటే ఉద్యోగాలుండవని ఒక సీనియర్ భయపెడతాడు. అప్లైడ్ అసలు లెక్కలే కాదని ఇంకో సీనియర్ తీసిపారేస్తాడు. ఈ ప్రశ్నకు మనం ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ విలువ ఇస్తున్నామని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు, మన వాల్తేరు చాలు.

సుబ్బరామయ్య మీనాక్షిసుందరం పేరు మీలో ఎంతమంది విన్నారు? చేతులు ఎక్కువ లేవలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి. 1949లో స్వీడన్ గణితవేత్త ఓకె ప్లేయెల్‌తో కలిసి ఒక పేపర్ రాశారు. దానికి మూలం వేడి. ఒక పలకను ఒకచోట వేడిచేసి వదిలేస్తే ఆ వేడి ఎలా పాకుతుంది? ఫూరియర్ నాటి నుంచీ ఉన్న ప్రశ్న ఇది, నూటికి నూరుపాళ్లు అప్లైడ్. వీళ్లు పలక బదులు వంపు తిరిగిన ఉపరితలాలను తీసుకున్నారు. వాటి మీద వేడి పాకే తీరును రాసేది లాప్లాస్ ఆపరేటర్. దాని ఐగెన్ విలువలన్నిటితో, అంటే ఆ ఉపరితలానికే చెందిన ప్రత్యేక సంఖ్యలతో, రీమాన్ జీటా ఫంక్షన్‌ను పోలిన మరో జీటా ఫంక్షన్‌ను నిర్మించారు. ఇవాళ దాన్ని మీనాక్షిసుందరం-ప్లేయెల్ జీటా ఫంక్షన్ అంటారు. వేడి పాకడం మొదలైన తొలి క్షణాలను ఒక శ్రేణిగా విడదీస్తే, దాని పదాల్లో ఆ ఉపరితలం వైశాల్యం, వంపు దాగి ఉంటాయి.

1966లో మార్క్ కాట్స్ అనే గణితవేత్త ఇదే విషయాన్ని అందరికీ అర్థమయ్యేలా అడిగాడు. మన మాటల్లో చెప్పాలంటే, డప్పు మోత విని డప్పు ఆకారం చెప్పగలమా? మోతలోని పౌనఃపున్యాలన్నీ, అంటే ఐగెన్ విలువలన్నీ తెలుసనుకోండి. వైశాల్యం చెప్పొచ్చు, చుట్టుకొలతా చెప్పొచ్చు. పూర్తి ఆకారం మాత్రం చెప్పలేమని 1992లో గోర్డన్, వెబ్, వోల్పర్ట్ తేల్చారు. ఆకారాలు వేరైనా ఒకేలా మోగే రెండు బొమ్మలు చూపించారు. రెండూ మూలలున్న బహుభుజులే, కాగితం కత్తిరించి మీరే తయారు చేసుకోవచ్చు. ఈలోపు 1977లో స్టీఫెన్ హాకింగ్ ఇలాంటి జీటా ఫంక్షన్లనే వాడి, వంగిన స్థలకాలంలో అనంతంగా పెరిగిపోయే లెక్కలకు అర్థం ఉండే విలువలు రాబట్టాడు. వేడితో మొదలై, జ్యామితిలోకి వెళ్లి, భౌతికశాస్త్రంలో తేలిందన్నమాట. ఇందులో ప్యూర్ ఎక్కడ ఆగింది, అప్లైడ్ ఎక్కడ మొదలైంది? నాకైతే ఆ గీత కనబడదు.

సి.ఆర్. రావు గారి పేరు మాత్రం మీ అందరికీ తెలుసు. ఏవీఎన్ కాలేజీలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేశారు. ఉద్యోగం కోసం కలకత్తా వెళ్తే అది రాలేదు, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరారు. తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "పెద్ద శాంపిళ్లకు నిజమంటున్న ఈ ఫలితం చిన్న శాంపిళ్లకు కూడా నిజమేనా?" అని అడిగాడు. రావు గారు రాత్రి కూర్చుని తేల్చారు. అదే 1945లో అచ్చయిన క్రామర్-రావు అసమానత. పక్షపాతం లేని ఏ పద్ధతిలో అంచనా వేసినా, ఆ అంచనాలో ఊగిసలాట ఒక హద్దు కంటే తగ్గదని అది చెబుతుంది. ఇవాళ రాడార్, సోనార్ మీద పనిచేసేవాళ్లకు అది రోజూ తగిలే మాట. నీటి కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మాత్రమే తెలిసినప్పుడు, ఆ నౌక ఎక్కడుందో, ఎటు పోతోందో ఎంత కచ్చితంగా చెప్పగలమన్నది ఈ హద్దుతోనే కొలుస్తారు. నేవీ ఉన్న ఊళ్లో ఈ సంగతి ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. ఇంకో మాట. ఆయనకు కేంబ్రిడ్జి పీహెచ్‌డీ వచ్చింది 1948లో, అసమానత వచ్చిన తర్వాత. పట్టా వెనకాల వచ్చింది, ప్రశ్న ముందొచ్చింది.

ఇక కాస్త చేదు మాట చెబుతాను, ఎవరూ నొచ్చుకోకండి. మన దగ్గర ప్యూర్‌లోనూ అప్లైడ్‌లోనూ పేపర్లు పుట్టే తీరు ఒక్కటే అయిపోయింది. ప్యూర్‌లో చూడండి. బనాక్ అనే గణితవేత్త 1922లో ఫిక్స్‌డ్ పాయింట్ సిద్ధాంతం ఇచ్చాడు. ఒక మ్యాపింగ్ కదపని బిందువు ఎప్పుడు ఉంటుందో చెప్పే గొప్ప సిద్ధాంతం. దాన్ని తీసుకుని మెట్రిక్‌కు, అంటే దూరం కొలిచే పద్ధతికి, బదులు ఇంకేదో మెట్రిక్ అంటాం, రెండు మ్యాపింగుల బదులు నాలుగు అంటాం, షరతు కాస్త సడలిస్తాం, పేపర్ తయార్. కొత్త సిద్ధాంతానికి సరిపోయి పాతదానికి సరిపోని ఒక్క సహజమైన ఉదాహరణ ఇవ్వమంటే మాత్రం తడుముకుంటాం. అప్లైడ్‌లో చూడండి. సాగే పలక మీద ఎంహెచ్‌డీ ఫ్లో, అంటే అయస్కాంత క్షేత్రంలో ద్రవ ప్రవాహం. సిమిలారిటీ ట్రాన్స్‌ఫర్మేషన్‌తో పీడీఈని (చాలా చరరాశులున్న అవకలన సమీకరణాన్ని) ఓడీఈ (ఒకే చరరాశి ఉన్నది) చేస్తాం, బీవీపీ4సీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఇస్తాం, ఒక్కో పారామీటర్‌కు ఒక్కో గ్రాఫ్. వచ్చే ఏడాది నానోఫ్లూయిడ్ (అతిసూక్ష్మ రేణువులు కలిపిన ద్రవం), ఆ పై ఏడాది హైబ్రిడ్ నానోఫ్లూయిడ్. పారామీటర్ పెరిగితే వేగం తగ్గింది, ఉష్ణోగ్రత పెరిగింది అని ముగింపు. ఈ రంగాల్లో మంచి పని లేదనడం లేదు, ఉంది. మీ చేతికి వచ్చే సమస్య ఆ మంచిదా, ఈ అచ్చు పోసినదా అన్నదే అసలు తేడా.

ఎలా తెలుసుకోవాలి? నేను ఒక చిన్న పరీక్ష పెడతాను. ఈ ప్రశ్నకు జవాబు తలకిందులుగా వచ్చిందనుకోండి. అప్పుడు ఎవరి పనైనా మారుతుందా? ఎవరి పనీ మారదంటే దానికి నాలుగేళ్లు ఇవ్వకండి.

2014 అక్టోబర్ 12 ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. హుద్‌హుద్ లాంటి తుపాను దారిని ముందే లెక్కగట్టే మోడళ్లు, గాలి కదలిక సమీకరణాలను గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌కు ఇస్తాయి. ఒక గడి కంటే చిన్నదైన మేఘం లోపల జరిగేదాన్ని ఆ సమీకరణంలో ఎలా చేర్చాలి? ఇది అప్లైడ్ ప్రశ్న, జవాబు మారితే చాలామంది పని మారుతుంది. అదే ద్రవాల సమీకరణాలకు, అంటే నేవియర్-స్టోక్స్‌కు, మూడు కొలతల్లో నునుపైన పరిష్కారాలు ఎప్పటికీ నిలుస్తాయా అన్నది ప్యూర్ ప్రశ్న. అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో దానికి పది లక్షల డాలర్ల బహుమతి పెట్టింది, డబ్బు ఇంకా అక్కడే ఉంది. దాన్నే థీసిస్‌గా తీసుకోమని అనడం లేదు సుమా.

ప్రశ్న ఎలా పుడుతుందో బోర్డు మీద చూద్దాం. జాతీయ అర్హత పరీక్ష నెట్ పార్ట్ సీలో వచ్చే తరహా స్టేట్‌మెంట్ ఒకటి తీసుకుంటాను: f యూనిఫామ్‌లీ కంటిన్యువస్ (x కొంచెం మారితే, ఎక్కడైనా సరే f మార్పు ఒకే హద్దులో ఉండటం) అయితే f స్క్వేర్ కూడా అవుతుంది. తప్పు. f అంటే x అనుకోండి, x స్క్వేర్ కాదు కదా. కోచింగ్‌లో ఇక్కడ టిక్ కొట్టేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం, వెళ్లాలి కూడా, టైం ఉండదు. ఇంటికి వెళ్లాక మాత్రం ఆగండి. ఏ షరతు పెడితే నిజమవుతుంది? f బౌండెడ్ అయితే, అంటే దాని విలువలు ఒక హద్దు దాటకపోతే చాలు, రెండు లైన్ల ప్రూఫ్. బౌండెడ్ కాకపోతే ఎప్పుడూ తప్పేనా? కాదు, మోడ్ xకు స్క్వేర్ రూట్ తీసుకోండి. అది బౌండెడ్ కాదు, అయినా f, f స్క్వేర్ రెండూ యూనిఫామ్‌లీ కంటిన్యువస్సే. మరి సరిగ్గా ఎలాంటి ఫంక్షన్లకు ఇది నిజం? చూశారా, నాలుగో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి పుస్తకం వెనక జవాబు లేదు. ఆ నాలుగో ప్రశ్న దగ్గర మీకు చిరాకు వస్తుందా, నిద్ర పట్టకుండా పోతుందా? మీ సంగతి అక్కడ మీకే తెలుస్తుంది.

అలాగని పరీక్షలను చిన్నచూపు చూడకండి. నెట్ పార్ట్ సీలో నెగెటివ్ మార్కులు లేవు, కానీ సరైన ఆప్షన్లన్నీ పడితేనే 4.75 మార్కులు, ఒక్కటి వదిలేసినా సున్నా. సగం సగం చదివినవాళ్లను అది ఇట్టే పట్టేస్తుంది. నెట్‌తో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధకులకిచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. 2023 జనవరి నుంచి ఇదీ లెక్క. ఎన్‌బీహెచ్‌ఎం (జాతీయ ఉన్నత గణిత మండలి) పరీక్ష మాత్రం కేవలం లెక్కలవాళ్ల కోసమే, దాన్ని మనవాళ్లు అనవసరంగా వదిలేస్తున్నారు. గేట్ ఉంది, రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీఆర్‌సెట్ ఉంది. ఎంఎస్సీలో ఉండగానే ఎంటీటీఎస్ అనే గణిత శిక్షణ వేసవి శిబిరానికి అప్లై చేయండి. అక్కడ పాఠం చెప్పేవాళ్లు ప్రతి అడుగుకూ మిమ్మల్నే కారణం అడుగుతారు, మొదటి వారం టెన్షన్‌గానే ఉంటుంది.

నిబంధనలు త్వరగా చెప్పేస్తాను. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, మహిళలకు ఆ పైన మరో రెండేళ్లు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు. అమ్మాయిలూ, ఈ సంగతి ఇంట్లో చెప్పండి. పెళ్లయితే చదువు ఆగిపోతుందనేవాళ్లకు చూపించడానికి కాగితం ఒకటుంటుంది. కాలేజీలో పాఠాలు చెబుతున్నవాళ్లు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని పార్ట్‌టైం చేయొచ్చు.

గైడ్ విషయానికి మాత్రం టైం తీసుకుంటాను, ఎందుకంటే నా దృష్టిలో సబ్జెక్టు కంటే ఇదే ముఖ్యం. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురి కంటే ఎక్కువ ఉండకూడదు. కాబట్టి ముందు ఖాళీ ఉందో లేదో కనుక్కోండి. తర్వాత థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఆ గైడ్ దగ్గర పూర్తిచేసినవాళ్ల థీసిస్‌లు తీయండి. అన్నిటి మొదటి అధ్యాయమూ ఒకేలా ఉందా? ఒకే పనిని పేర్లు మార్చి నలుగురూ చేశారా? ఆ నలుగురూ ఇప్పుడేం చేస్తున్నారు? వీలైతే వాళ్లలో ఒకరికి ఫోన్ చేసి, గైడ్ నెలకు ఎన్నిసార్లు కూర్చోబెట్టి మాట్లాడేవారో అడగండి. పెళ్లి సంబంధానికి ఎంత వాకబు చేస్తామో ఇక్కడా అంత చేయాలి. పేరు పెద్దదైనా దొరకని గైడ్ కంటే, వారానికోసారి మీ ప్రూఫ్‌లో తప్పు పట్టే చిన్న వయసు అసిస్టెంట్ ప్రొఫెసర్ మేలు.

గైడ్‌కు మెయిల్ రాసేటప్పుడు, "సార్, మీరు ఏ టాపిక్ ఇచ్చినా చేస్తాను" అని రాయకండి. వినయంగానే ఉంటుంది, జవాబు మాత్రం రాదు. ఆయన పేపర్ ఒకటి ఆర్కైవ్ అనే పేపర్ల వెబ్‌సైట్‌లో దించుకోండి. పెన్నూ కాగితం పెట్టుకుని చదవండి. "ఇది స్పష్టం" అని రాసి వదిలేసిన చోట ఆగి, ఎందుకు స్పష్టమో మీరే రాసి చూడండి. రెండు పేజీలకు రెండు వారాలు పట్టినా పర్వాలేదు. రానిచోట ఎక్కడ ఆగిపోయారో, ఏమేం ప్రయత్నించారో నాలుగు లైన్లలో ఆయనకు రాయండి. మార్కుల జాబితా కంటే ఆ నాలుగు లైన్లను బట్టే ఆయన మీ గురించి ఒక అంచనాకు వస్తారు.

టీ వచ్చిందంటున్నారు. విదేశాల్లో అప్లికేషన్ల గురించి అడగాలనుకున్నవాళ్లు ఒక పక్కకు రండి, అది వేరే కథ. మిగతావాళ్లు మొహమాటపడకుండా ఇప్పుడే అడగండి, మైకు అటు పంపిస్తాను.