పలాస జీడిపప్పు తెలిసినవాళ్లకు అరకు కాఫీ రేటు ఎందుకు అర్థం కాదు?

[బల్ల మీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో గుండు జీడిపప్పు, ఇంకోదాంట్లో వేయించని కాఫీ గింజలు.]

నమస్కారమండీ. పోయిన వీడియోలో అరకు కొండ మీద ఒక కుటుంబం పండించే స్పెషాలిటీ కాఫీ, అంటే ఏరి కోసి, రుచికి మార్కులు వేయించి అమ్మే మేలురకం కాఫీ గురించి రెండు నిమిషాలు మాట్లాడాను. "అక్కా, పావు కిలోకి అంత రేటా? డబ్బాలు అందంగా చేసి డబ్బులు గుంజుతున్నారు" అని చాలామంది రాశారు. ఒకరైతే తెప్పించుకుని తాగి, "పుల్లగా ఉంది, పాడైన సరుకు పంపారు" అన్నారు.

ఈ రెండు మాటలూ చదివినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు. ఆ రేటు దేనికో నేను దగ్గరుండి చూశాను. పైగా ఈ ప్రశ్న వేసినవాళ్లలో మన పలాస, కాశీబుగ్గ వాళ్లే ఎక్కువ. జీడిపప్పు మధ్య పుట్టి పెరిగినవాళ్లం, మనకి ఇది ఇట్టే తెలియాలి.

[జీడిపప్పు గిన్నె ముందుకు జరిపి]

ఇది డబ్ల్యూ 180 అనే గ్రేడు. పౌనుకు, అంటే 454 గ్రాములకు, 180 పప్పులకు మించకుండా తూగే గుండు, అంటే విరగని నిండు పప్పు. అదే డబ్ల్యూ 320 అయితే సన్నగా ఉంటుంది, రేటు తగ్గుతుంది. బద్దకు ఇంకా తక్కువ, ముక్కకు ఇంకా తక్కువ. చెట్టు ఒకటే, తోట ఒకటే. అయినా పెళ్లికి కొనేటప్పుడు "అన్నీ జీడిపప్పే కదా, ఒకే రేటు ఇవ్వు" అని ఎవరమైనా అడుగుతామా? అడగం. పిక్క కొట్టి, పొట్టు తీసి, ఒక్కొక్కటీ ఏరి వేరుచేసే చేతులు మన వీధిలోనే ఉన్నాయి కాబట్టి. కాఫీ విషయంలో ఆ చేతులు మనకు కనబడవు. తేడా అంతే.

కిందటి డిసెంబరులో నేను వెళ్లాను. విజయనగరం దాకా రైలు, అక్కడి నుంచి శృంగవరపుకోట మీదుగా ఘాట్ రోడ్డు, అనంతగిరి దాటాక అరకు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల పైన. పొద్దున్న ఎనిమిదైనా మంచు విడవలేదు. పోయిన వీడియోలో చెప్పిన ఆ కుటుంబం, నేను అన్నా వదినా అనేవాళ్లది, రెండెకరాల తోట. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. పని మొత్తం ఇంటివాళ్లదే.

వదిన పండ్లు కోస్తుంటే పక్కన నిలబడ్డాను. ఒకే కొమ్మ మీద, ఒకే గుత్తిలో ఎర్రగా పండినది ఒకటి, పసుపు తిరిగినది ఒకటి, పచ్చి కాయలు నాలుగు. ఎర్రది మాత్రం తుంచుతోంది. గబగబా చెయ్యి వేయబోతే నన్ను ఆపింది. "దూయకు చెల్లీ. ఆ పచ్చివి వచ్చే వారం మనవే."

ఆ మాట దగ్గర కాసేపు ఆగుదాం, మొత్తం విషయం అక్కడే ఉంది. మన జీడిమామిడి పండితే దానంతట అది రాలుతుంది. మనం కింద ఏరుకుంటాం, పండిందా లేదా అని చూడక్కర్లేదు, చెట్టే చెప్పేసింది. కాఫీకి ఆ సుఖం లేదు. పండు కొమ్మకే ఉంటుంది, ఒక్కోటీ ఒక్కో రోజు పండుతుంది. అందుకని నవంబరు నుంచి జనవరి దాకా అదే మొక్క దగ్గరికి మూడు సార్లు, నాలుగు సార్లు రావాలి. చలిలో, ఏటవాలు నేల మీద, బుట్ట నడుముకు కట్టుకుని.

ఇంకో దారి ఉంది. కొమ్మ పట్టుకుని మొదలు నుంచి చివరికి దూసేయడం. పండు, కాయ, ఆకు అన్నీ ఒకేసారి బుట్టలో పడతాయి. ఒక్క రోజులో పని అయిపోతుంది. సంతలో షావుకారు ఎరుపుకూ పచ్చకూ ఒకే ధర కడితే, నాలుగోసారి ఎవరు వెళతారు చెప్పండి? నేనైనా వెళ్లను. కాబట్టి మనం ప్యాకెట్‌కి ఎక్కువ ఇచ్చిన డబ్బు ఆ మూడో, నాలుగో సారి కోతకు ఇచ్చే కూలి. ఆ డబ్బు రైతు దాకా చేరితేనే స్పెషాలిటీ అన్న మాట నిలబడుతుంది. చేరకపోతే అది నిజంగానే డబ్బా అందమే, మీరన్నది కరెక్టే అవుతుంది.

పచ్చికాయ గింజ కలిస్తే ఏమవుతుంది అంటారా? వగరు. పండని జీడిమామిడి కొరికితే నాలుక ఎలా పట్టేస్తుందో, కప్పులో అలాంటి వగరు.

కోసిన పండ్లు అదే రోజు నీళ్లలో పోస్తారు. పురుగు తొలిచినవీ, తాలువీ తేలతాయి, వాటిని తీసేస్తారు. విత్తనానికి జీడి పిక్క ఎంచేటప్పుడు మనమూ మునిగినదే తీసుకుంటాం, అదే పద్ధతి. తర్వాత పల్పర్‌లో వేసి తిప్పితే తోలు ఊడుతుంది, లోపల రెండు గింజలు జిగురుతో బయటికొస్తాయి. ఆ జిగురు వదలడానికి తొట్టిలో పులియబెడతారు. ఎన్ని గంటలు అన్నది చలిని బట్టి. అన్న గడియారం చూడడు. గుప్పెడు తీసి రుద్దుతాడు. జారితే ఇంకా ఉండాలి, గరగరలాడితే కడిగేయాలి. ఒక పూట ఆలస్యమైతే పులిసిన కంపు గింజకు పడుతుంది, తర్వాత ఎవరూ దాన్ని తీయలేరు.

తర్వాత వలలు కట్టిన మంచెల మీద ఎండబెట్టడం. తేమ 11 శాతం దగ్గరికి రావాలి. సాయంత్రం మంచు పడకముందే కప్పాలి, పొద్దున్నే తీయాలి, మధ్యలో కలుపుతూనే ఉండాలి. ఇంటిల్లిపాదీ ఆ గింజల చుట్టూనే తిరుగుతుంటారు. 2018లో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో మా జీడి చెట్లు పడిపోయినప్పుడు నాన్న తోటలోనే కూర్చుండిపోయాడు, ఇంటికి రాలేదు. ఆ అన్న మబ్బు పట్టినప్పుడల్లా మంచెల వైపు చూసే చూపులో నాకు నాన్నే గుర్తొచ్చాడు.

లెక్క చెప్తాను. నాలుగు కిలోల జీడి పిక్కలకు సుమారు కిలో పప్పు వస్తుంది. కాఫీకి ఆరేడు కిలోల పండు కోస్తే కిలో వేయించని గింజ. దాన్ని వేయిస్తే ఇంకో 15 శాతం పైనే బరువు పోతుంది. ఇప్పుడు ఆ పావు కిలో రేటు మళ్లీ చూడండి.

స్పెషాలిటీ అని ఎవరు పడితే వాళ్లు అనకూడదు. రుచి చూడడానికి శిక్షణ పొందినవాళ్లు కూర్చుని 100కి మార్కులు వేస్తారు, 80కి తగ్గకూడదు. గింజలను కూడా 350 గ్రాములు తూచి, పరిచి, ఒక్కొక్కటీ చూస్తారు. నల్లబడ్డది, బాగా పులిసిపోయింది ఒక్కటి కూడా ఉండకూడదు. జీడిపప్పు గ్రేడింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు గుర్తొస్తున్నారా? అదే పని. అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది, అయితే అది ఊరికి గుర్తింపు. కప్పులో రుచికి ఆ ఏరివేతే పూచీ.

ఇక "స్ట్రాంగ్‌గా లేదు, పుల్లగా ఉంది" అన్న మాట. ముక్కిపోయిన జీడిపప్పును నెయ్యిలో నల్లగా వేయించి ఉప్మాలో వేస్తే పాతదని ఎవరికీ తెలియదు, మాడు వాసన అన్నిటినీ కప్పేస్తుంది. మంచి గుండును అలా మాడుస్తామా? లేత రంగు రాగానే దింపేస్తాం. కాఫీ కూడా అంతే. నల్లగా మాడ్చిన గింజలో మనకు తెలిసేది మాడు చేదు, దాన్నే మనం స్ట్రాంగ్ అనుకుంటున్నాం. మధ్యస్థంగా వేయిస్తే పండు రుచి బయటపడుతుంది. పండన్నాక కొంచెం పులుపు ఉంటుంది కదా! అది పాడైన పులుపు కాదు, దాని వెనకే తీపి వస్తుంది.

అలవాటైన డికాషన్ చిక్కదనంలో చికోరీ వాటా కూడా ఉంది. అది ఒక వేరు, దాన్ని వేయించి కలుపుతారు. కాఫీ 51 శాతం ఉంటే చాలు, మిగతాది చికోరీ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. ప్యాకెట్ మీద రాసే ఉంటుంది, ఈసారి చూడండి. నాకు చికోరీ మీద కోపం లేదు, మా అమ్మ అదే తాగుతుంది. కానీ దాన్ని కొలతగా పెట్టుకుని దీన్ని తిట్టొద్దు.

టైమ్ అయిపోతోంది, కాచే పద్ధతి త్వరగా చెప్పేస్తాను. వేయించిన తేదీ చూసి కొనండి, నెల లోపుది తీసుకోండి. గింజలే కొని అప్పటికప్పుడు ఆడించుకుంటే మేలు. కప్పుకు 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు మరిగాక అర నిమిషం ఆగి పోయండి, నాలుగు నిమిషాలు ఉంచి వడకట్టండి. పాలు కావాలంటే తర్వాత పోసుకోండి, తప్పేమీ లేదు.

పుల్లగా ఉందన్న ఆ తమ్ముడు ఇది చూస్తుంటే ఒక్క పని చెయ్యి. మిగిలిన పొడితో ఒక కప్పు ఇలా కాచి, పాలు, పంచదార లేకుండా మొదటి గుక్క వేడిగా తాగు. తర్వాత పది నిమిషాలు చల్లారనిచ్చి రెండో గుక్క తాగు. ఆ రెండో గుక్కలో ఏం తగిలిందో కింద రాయి, వదినకు చదివి వినిపిస్తాను.