నో బ్లాకర్స్ అంటే నమ్మకండి

అందరికీ నమస్కారం. శనివారం పూట నిద్ర మానుకుని వచ్చారు, థ్యాంక్స్. స్లైడ్స్ ఏం తేలేదు, ఒక టీమ్ కథ చెప్తా, అందులో తప్పు చేసింది కూడా నేనే.

మీలో ఎంతమంది స్టాండప్‌లో, అదే రోజూ టీమంతా ఎవరి పని ఎక్కడుందో చెప్పుకునే చిన్న మీటింగ్‌లో, మ్యూట్ పెట్టుకుని ఇంకో పని చేసుకుంటారు? చేతులెత్తక్కర్లేదులెండి, మేనేజర్లు కూడా కూర్చున్నారు.

కొన్నేళ్ల కింద నేనో సాఫ్ట్‌వేర్ టీమ్‌కి స్క్రమ్ మాస్టర్‌ని, అంటే స్క్రమ్ అనే అజైల్ పద్ధతిలో పని సాఫీగా నడిచేలా చూసేవాణ్ణి. ఎనిమిది మందిమి, ఆన్‌సైట్ వాళ్ల టైమ్ కోసం రాత్రి ఏడున్నరకి స్టాండప్, 15 నిమిషాలని పేరు గానీ నలభైకి తక్కువ అయ్యేది కాదు. అందరిదీ ఒకటే పాట, నిన్న ఈ టికెట్ చేశా, ఇవాళ కూడా అదే, నో బ్లాకర్స్. టికెట్ అంటే ఒక్కో పని, నో బ్లాకర్స్ అంటే పనికి అడ్డేం లేదని. కొత్తగా చేరిన ఒకమ్మాయి తొమ్మిది రోజులు వరుసగా నో బ్లాకర్స్ అంది. పదో రోజు టీ తాగుతూ మాటల్లో మాటగా తెలిసింది ఏంటంటే తనకి డేటాబేస్ యాక్సెసే రాలేదు, రిక్వెస్ట్ ఎవరి దగ్గరో అప్రూవల్ కోసం పడుంది. ఎందుకమ్మా చెప్పలేదు అంటే, "చెప్తే నాకు పని రాదనుకుంటారేమోనని అన్నా" అంది. నా స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ అప్పటికే ఫ్రేమ్ కట్టించి టేబుల్ మీద పెట్టుకున్నా, చూస్తే సిగ్గేసింది.

2001 ఫిబ్రవరిలో అమెరికాలో యూటా కొండల్లో స్నోబర్డ్ అనే చోట 17 మంది కూర్చుని అజైల్ మ్యానిఫెస్టో రాశారు, సాఫ్ట్‌వేర్ పని ఎలా చేయాలో చెప్పే చిన్న ప్రకటన, అందులో మొదటి మాటే ప్రాసెస్‌లు టూల్స్ కన్నా మనుషులు, వాళ్లు మాట్లాడుకోవడం ముఖ్యమని. మనం టూల్ కొనుక్కుని మాట్లాడుకోవడం మానేశాం. ఆ నిన్నేం చేశా, ఇవాళేం చేస్తా, ఏం అడ్డం వచ్చింది అనే మూడు ప్రశ్నలున్నాయి చూడండి, స్క్రమ్ ఎలా చేయాలో చెప్పే స్క్రమ్ గైడ్ ఉంది కదా, 2020లో వచ్చిన దాంట్లోంచి వాటిని తీసేశారు కూడా, అయినా మన దగ్గర సంధ్యావందనంలా నడుస్తూనే ఉన్నాయి.

సరే, మేం ఏం చేశామంటే మనిషిని అడగడం ఆపి టికెట్‌ని అడగడం మొదలుపెట్టాం. గోడ మీద బోర్డు పెట్టి టికెట్‌కో చీటీ అంటించాం, పని ముందుకెళ్లేకొద్దీ చీటీ కుడి వైపు కాలమ్‌కి జరుగుతుంది, కదలకుండా ఉన్న ప్రతి రోజుకీ చీటీ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒక చుక్క, అంతే. స్టాండప్‌లో కుడి చివర్నుంచి మొదలెట్టి, దేని మీద చుక్కలు ఎక్కువుంటే దాని గురించే మాట్లాడటం. రెండో వారానికి ఒక చీటీకి పదకొండు చుక్కలు పడ్డాయి, చికెన్ పాక్స్ వచ్చినట్టుంది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందని ఎవరూ చెప్పక్కర్లేదు, దూరం నుంచే కనపడుతుంది, పైగా మనిషిని నిలదీసినట్టు ఉండదు.

అప్పుడు లెక్కపెట్టాం, ఎనిమిది మందికి 24 టికెట్లు నడుస్తున్నాయి. వారానికి అయ్యేవి ఆరు. జాన్ లిటిల్ అని ఒకాయన 1961లో ప్రూఫ్ ఇచ్చిన సూత్రం ఒకటుంది, క్యూల లెక్క, నడుస్తున్న పనుల్ని అయ్యే స్పీడుతో భాగిస్తే ఒక్కోటి సగటున ఎంత టైమ్ తీసుకుంటుందో వస్తుంది. 24 బై 6, నాలుగు వారాలు. క్లయింట్ ఎందుకు అరుస్తున్నాడో మాకు అప్పుడు అర్థమైంది. స్పీడు తగ్గకుండా 12 మాత్రమే పట్టుకుంటే రెండు వారాలే కదా!

పెళ్లి భోజనాల్లో బంతి చూడండి. కూర్చున్నవాళ్లకి పెరుగన్నం దాకా వడ్డించి లేపాకే ఇంకో బంతి. మధ్యలో బావగారు వచ్చారు, బాబాయి వచ్చాడని సందుల్లో దూర్చామనుకోండి, ఒకరికి పప్పు రాదు, ఇంకొకరికి సాంబార్ రెండుసార్లు వస్తుంది.

మా టికెట్లూ అంతే, ఒకేసారి 12 దాటకూడదని రూల్ పెట్టగానే గొడవ. సీనియర్ డెవలపర్ ఒకాయన, నా కోడ్ అయిపోయింది, కొత్తది తీసుకోవద్దంటే ఖాళీగా కూర్చోవాలా అన్నాడు. బోర్డు చూస్తే టెస్టింగ్ కాలమ్‌లోనే ఏడు చీటీలు, టెస్టర్లు ఇద్దరే. వెళ్లి వాళ్లకి హెల్ప్ చేయండి అంటే మొహం మాడ్చుకున్నాడు, డెవలపర్ టెస్టింగ్ చేయడమేంటని. రెండ్రోజులు అలిగి మూడో రోజు పోయి కూర్చున్నాడు, తన కోడ్‌లోనే తనకే నాలుగు బగ్స్ దొరికాయి. అప్పట్నుంచి టెస్టర్లతో టీకి కూడా వెళ్లేవాడు, అదో వింత.

మాకు లెక్క ప్రకారం రెండు వారాలు రాలేదు, రెండున్నర దగ్గర ఆగింది, దాంతోనే సంతోషం. పని సైజుని బట్టి ఒక్కో స్టోరీకి, అంటే ఒక్కో పనికి, పాయింట్లు వేస్తాం, ఒక స్ప్రింట్‌లో, అంటే పనికి పెట్టుకున్న గడువులో, ఎన్ని పాయింట్లు పూర్తయ్యాయో అదే వెలాసిటీ. అది పెంచమని పైనుంచి ఒత్తిడి వచ్చిందనుకోండి, అదెలా పెంచాలో మీకందరికీ తెలుసు, మూడు పాయింట్ల స్టోరీకి ఐదు వేస్తే వచ్చే స్ప్రింట్‌కి పెరిగిపోతుంది, నవ్వకండి, మేమూ వేశాం.

ప్రొడక్షన్ ఇష్యూస్, అంటే జనం వాడుతున్న సిస్టమ్‌లో అర్జంటుగా వచ్చే సమస్యలు, వాటిని మాత్రం మేం సరిగ్గా పట్టుకోలేకపోయాం. వాటికని రెండు చీటీల చోటు ఖాళీగా ఉంచేవాళ్లం, నెలాఖరు వచ్చిందంటే అది చాలేది కాదు, 12 కాస్తా 17 అయ్యేది. ఇది ఎవరైనా బాగా చేసుంటే నాకు నేర్పండి. వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు, మైక్ అటు ఇవ్వండి బాబూ.