"మా వైపు ఎవరికీ లేదే!": పిల్లల ఫిట్స్, వంశం సంగతి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఎల్బీనగర్ నుంచీ లింగంపల్లి నుంచీ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం మానేస్తాను.

బిడ్డకు ఫిట్స్ అని తెలియగానే ఇంట్లో పుట్టే మొదటి మాట, "మా వైపు ఎవరికీ లేదే!" అనేది అత్తగారు, చూసేది కోడలి వైపు. ఓపీలో నా ఎదురుగానే జరుగుతుంటుంది. ముందు ఈ పంచాయితీ తేల్చేద్దాం.

ఫిట్స్ అన్నీ జన్యువుల వల్ల రావు. కాన్పులో బిడ్డకు ఊపిరి అందకపోయినా, పుట్టిన కొత్తలో షుగర్ బాగా పడిపోయినా, మెదడువాపు వచ్చినా, బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోయి మెదడులో తిత్తులు కట్టినా రావచ్చు. (పంది మాంసం ముట్టని ఇళ్ళలోనూ వస్తుంది, సరిగా కడగని పచ్చికూరలు చాలు.) మిగిలిన వాటిలో చాలావాటికి జన్యువుల పాత్ర ఉంటుంది. అలాగని తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు రాసిపెట్టినట్టు కాదు. మామూలు జనంలో నూటికి ఒకరి దాకా వస్తే, అలాంటి తల్లిదండ్రుల పిల్లల్లో స్థూలంగా 2 నుంచి 5 మందికి వస్తుంది, కనీసం 95 మందికి రాదు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్ళికి అడ్డుగా చూపే మాటను 1999లోనే తీసేశారు, మన పెళ్ళిచూపుల్లో మాత్రం ఇంకా తీసెయ్యలేదు.

ఇక ఇంట్లో ఎవరికీ లేకుండా ఎలా వచ్చింది? రెండు దారులున్నాయి.

ఒకటి, అమ్మానాన్నలిద్దరిలోనూ లేని జన్యు మార్పు బిడ్డలో కొత్తగా పుట్టడం. పెద్ద పుస్తకం చేత్తో ఎత్తిరాస్తే ఎక్కడో ఒక అక్షరం తప్పుపడినట్టన్నమాట, అందులో ఎవరి పాపమూ లేదు. డ్రావే సిండ్రోమ్ అనే ఫిట్స్ జబ్బులో జరిగేది చాలావరకు ఇదే. ఏడాది నిండకముందే జ్వరంతో పాటు ఫిట్స్ మొదలై, ఒక్కోసారి అరగంట దాటినా ఆగవు. కారణం ఎక్కువమందిలో ఎస్‌సీఎన్1ఏ అనే జన్యువులో మార్పు, ఈ సంగతి 2001లో బయటపడింది. ఇది తెలిస్తే లాభమేంటంటారా? కార్బమజపిన్ లాంటి కొన్ని మామూలు ఫిట్స్ మందులు ఈ పిల్లల్లో ఫిట్స్‌ను పెంచుతాయి. జన్యు పరీక్ష రిపోర్టు చూసి మందు మార్చాల్సి వస్తుంది. మార్చాల్సింది డాక్టరు, మీరు ఇంట్లో కూర్చుని ఆపెయ్యకండి.

రెండోది, మన దగ్గర గట్టిగా మాట్లాడుకోవాల్సింది, మేనరికం. "బయటి సంబంధమైతే ఏం జబ్బులున్నాయో ఏమో, మనవాళ్ళైతే అన్నీ తెలుసు" అని మేనమామకో బావకో ఇస్తారు చూడండి, సరిగ్గా అక్కడే ఉంది తిరకాసు. తాతగారి నుంచి వచ్చిన ఒకే జన్యులోపం ఇద్దరిలోనూ ఒక్కో కాపీగా దాగి ఉండొచ్చు. ఒక్క కాపీతో ఏమీ కాదు, అందుకే రెండిళ్ళలోనూ ఎవరికీ ఫిట్స్ ఉండవు. రెండు కాపీలూ బిడ్డకు వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ 4లో 1. మొదటి బిడ్డకు వచ్చింది కదా, రెండోసారి రాదులే అనే లెక్క ఇక్కడ చెల్లదు. ఇలా వచ్చే వాటిలో ఒకదానికి బి6 విటమినే మందు. పుట్టిన రోజుల్లోనే మొదలై ఏ మందుకూ లొంగని ఫిట్స్ దానితో ఆగుతాయి, కానీ ఎవరికైనా ఆ అనుమానం రావాలి కదా!

జన్యు పరీక్ష అందరికీ అక్కర్లేదు. మందులకు లొంగకపోయినా, ఎదుగుదల వెనకబడినా, ఏడాది లోపే మొదలైనా, మేనరికమైనా మీ న్యూరాలజిస్టును అడగండి. మన హైదరాబాద్‌లోనే నిమ్స్ ఆసుపత్రిలో జెనెటిక్స్ (జన్యు వైద్యం) విభాగం ఉంది, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ ఉంది. వచ్చేటప్పుడు ఫిట్స్ వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. రెండు వైపులా మూడు తరాల పేర్లు ఒక కాగితం మీద రాసుకు రండి, పసితనంలోనే పోయిన పిల్లలతో సహా. సంబంధాలు తప్పిపోతాయని దాచిపెట్టిన మేనత్త ఫిట్స్ సంగతి కూడా రాయండి, అది మా ఫైలు దాటి బయటికి పోదు.

ఇక మీరు అడగండి.